రుచి చూడకముందే

చేపల పులుసు గిన్నె దించి కంచాల ముందు పెడుతూ, "ఇయ్యాల గూడ చింతపండు ఎక్కువైందేమో" అన్నాను. నేనింకా రుచి చూడలేదు. పెళ్లయిన కొత్తలో నా భర్త మల్లేష్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "చెరువుల ఉన్నప్పుడే గీ చేప సుఖంగ ఉండె" అన్నాడు. అత్తమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. అప్పట్నుంచి ఆయన అనకముందే నేనే అనేసుకోవడం అలవాటైంది. పొద్దున్నే ఆయన చేపల బండి దగ్గర పొలుసు గీకి, ముక్కలు కోసి, ఇంటికొచ్చి వండి, ఆ వంటను మళ్లీ నేనే తిట్టుకోవాలి. ఇదీ ఇంటి పనే. ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మల్లేష్ చెడ్డవాడేం కాదు. తాగడు, చెయ్యెత్తడు. శామీర్‌పేట చెరువు దగ్గర చేపలు కొనడానికి వచ్చినవాళ్లు ఆయన మాటల కోసం ఇంకాసేపు నిలబడతారు. మిగిలిన హుషారంతా ఇంటికి తెచ్చి మా అశ్రిత మీద దించుతాడు. పదో తరగతి పిల్ల, నాలాగే బొద్దుగా ఉంటుంది, కబడ్డీ అంటే ప్రాణం. అది గడప దాటితే చాలు, "జరుగుండ్రి, లారీ వస్తాంది" అంటాడు. నేను ముఖం మాడ్చుకుంటే, మజాక్ జేసిన గంతే అంటాడు.

ఇవాళ కంచం ముందు కూర్చుంటూ అశ్రిత, రేపు కీసరలో జరిగే పోటీలకు తనను జట్టులోకి తీసుకున్నారని చెప్పింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. మల్లేష్ నోరు తెరిచేలోపే పిల్ల తనే అందుకుంది.

"నన్ను తీసుకుంది ఆడనీకె గాదు నాయినా, ఆడ గ్రౌండు సాపు జేసే రోలర్ లేదంట. నేను రానని సార్‌కు చెప్పేసిన."

మల్లేష్ పగలబడి నవ్వి, అచ్చం నా బిడ్డవే అన్నాడు.

కాదు. అచ్చం నా బిడ్డ. నాకు ఒళ్లు మండింది, ఎవరి మీదో అప్పుడే తెలియలేదు. గరిటెతో కొంచెం పులుసు అరచేతిలో వేసుకుని నాకాను.

"పులుసు మంచిగైంది," అన్నాను. "అశ్రితా, సార్‌కు ఫోన్ జేసి వస్తున్ననని చెప్పు. నేను గూడ వస్త. రేపు చేపలు మీ నాయిన కోసుకుంటడు."

"ఇద్దరు ఎక్కితే బస్సు ఒరుగుతది," అని మల్లేష్ అలవాటుగా నా నవ్వు కోసం ఆగాడు.

నేను అన్నం కలుపుకుంటున్నాను. అశ్రిత నా ముఖం చూసింది, వాళ్ల నాయిన ముఖం చూసింది. తనూ నవ్వలేదు. ఎంగిలి చెయ్యి కంచం మీదే ఉంచి, ఎడమ చేత్తో ఫోను అందుకుంది.

"సార్, రేపు నేను వస్తున్న."