ఎడమ చెవిలో రోడ్డు

అంబికకు ఉద్యోగం దాదాపు వచ్చినట్టే. ఆ దాదాపు దగ్గరే నాకు ఒళ్ళు మండింది.

నా పేరు బాపిరాజు, ఊరు భీమవరం పక్క. దిల్‌సుఖ్‌నగర్‌లో మేడ మీద రెండు గదులు కిరాయికి తీసుకుని, చూపు లేని వాళ్ళకూ, కొద్దిగా చూపున్న వాళ్ళకూ ఉద్యోగానికి కావలసినవి నేర్పుతుంటాను. నాకూ పుట్టుకతోనే చూపు లేదు కాబట్టి నా దగ్గర ఎవరి సాకులూ చెల్లవు. అంబికది సరూర్‌నగర్. ఇంటర్ చదివే రోజుల్లో మొదలై చూపు మెల్లగా పోతూ పోతూ, ఇప్పుడు వెలుగూ నీడా తెలిసేంత మిగిలింది.

ఎల్‌బీనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్ళకు టెలిఫోన్ ఆపరేటర్ కావలసి వచ్చింది. అంబిక ఏ డాక్టరుది ఏ నంబరో ముందే కంఠతా పట్టి వెళ్ళింది. అడిగినవన్నీ చెప్పింది. అంతా అయ్యాక మేనేజరు రామచంద్రంగారు పక్కన కూర్చున్న అంబిక తల్లి సత్తెమ్మ వైపు తిరిగి, "రోజూ మీరే తోల్కొస్తరా అమ్మా?" అని అడిగారట.

"నేను గాక ఇంకెవరు సారూ? నా బిడ్డ చెయ్యి నేను ఇడువ," అందట సత్తెమ్మ. ఆ మాట నాకు చెప్పేటప్పుడు కూడా ఆవిడ గొంతులో గర్వం తగ్గలేదు.

అక్కడ చెడింది. "మీకు జరమొస్తే మా ఫోన్లు ఎవరెత్తాలె?" అన్నారట ఆయన. "సోమవారం పొద్దుగాల గీ పిల్ల ఒక్కతే రావాలె. బంద్ ఉన్నదని నాకెరుకే. దవాఖానకు బంద్ ఉండదు. గా రోజు రాగలిగితే ఏ రోజైనా ఒస్తది. రాకుంటే ఇంకొకరిని పెట్టుకుంటం."

నాకు ఆయన మీద కోపం రాలేదు. సత్తెమ్మ మీద వచ్చింది. ప్రేమ ఉండొచ్చు గానీ, కూతురి జీతం రాళ్ళకు అడ్డం పడేంత ఉండకూడదు కదా.

అప్పుడు సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోల్లోంచి కదలడం లేదు. అందుకని అంబికకు మా మేడ దగ్గర్నుంచి ఆసుపత్రికి నడిచి వెళ్ళడమే నేర్పాను. కర్ర పట్టుకుని రోడ్డుకు కుడి పక్కన నడవాలి. ఆటోలు, లారీల మోత ఎప్పుడూ ఎడమ చెవిలో ఉండాలి. మోత ముందుకు వచ్చిందంటే మనం రోడ్డు మీదికి పోతున్నట్టు, వెనకపడిందంటే ఏదో సందులోకి తిరిగినట్టు. కొత్తపేటలో సమ్మె శిబిరం దగ్గర పొద్దస్తమానం డప్పు కొడుతుంటారు. అది దాటి నేరుగా పోతే ఎల్‌బీనగర్.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. మొదటిసారి ఒంటరిగా బయలుదేరిన వాళ్ళ వెనక, వాళ్ళకు చెప్పకుండా, నేర్పినవాడు దూరంగా నడుస్తాడు. ప్రాణం మీదికి వస్తే తప్ప నోరు విప్పడు. చూపున్నవాళ్ళు కంటితో కనిపెట్టుకుని ఉంటారు, నేను కర్ర చప్పుడు పట్టుకుని నడుస్తాను. నా వల్ల కానిది ఒక్కటే, సత్తెమ్మను ఇంట్లో కూర్చోబెట్టడం.

"నేను గూడ ఎనక ఒస్తా సారూ. నోరు మెదప."

"మెదిపితే?"

"నా బిడ్డ మీదొట్టు."

"ఒట్లు వద్దమ్మా. మీరు నోరు మెదిపారంటే ఆ ఉద్యోగం పోయినట్టే. అది గుర్తుపెట్టుకోండి," అన్నాను.

సోమవారం పొద్దున్న అంబిక వెనక మా మేడ మెట్లు దిగి రోడ్డు మీదికి రాగానే ఆగిపోయాను. రోడ్డు వినబడటం లేదు. ఆటో లేదు, లారీ లేదు, హారన్ లేదు. చూపున్నవాళ్ళకు బంద్ రోజంత సుఖం లేదు, పిల్లలు నడిరోడ్డు మీద క్రికెట్ ఆడుకుంటారు. మాకు మాత్రం గోడలు తీసేసిన ఇంట్లో నడిచినట్టుంటుంది. నేర్పిన ఎడమ చెవి పాఠమంతా ఆ ఒక్క పొద్దుటికి గంగలో కలిసింది. ఈ సంగతి నాకు ముందే తట్టి ఉండాల్సింది.

ముందు అంబిక కర్ర చప్పుడు కాసేపు ఆగింది. తర్వాత ఫుట్‌పాత్ అంచును తడుముకుంటూ కదిలింది. చైతన్యపురి దాకా బాగానే వెళ్ళింది. ఇంకొంచెం పోయాక డప్పులు వినిపించాయి. హమ్మయ్య, కొత్తపేట వచ్చేసింది అనుకున్నాను. అంబిక కర్ర జోరందుకుంది, నేనూ అడుగులు పెద్దవి చేశాను.

నడిచేకొద్దీ డప్పు దగ్గర కావాలి కదా. కావడం లేదు. వెనక సత్తెమ్మ గట్టిగా దగ్గింది. ఊరుకొమ్మని చెయ్యి వెనక్కి విసిరాను. ఆవిడ మళ్ళీ దగ్గింది. పళ్ళు కొరికాను. పాపం, ఊరుకుంది.

చివరికి జనం మధ్యలో పడ్డాం. జై తెలంగాణ నినాదాలు చెవులు అదరగొడుతున్నాయి. ఎవరో నా చేతిలో జెండా పెట్టి, "గట్టిగ అను సారూ," అన్నారు. భీమవరం బాపిరాజు ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో జెండా పట్టుకుని గట్టిగానే అన్నాడు. అన్నాక బుర్రకెక్కింది. ఇది శిబిరం కాదు, ర్యాలీ. శిబిరంలో వాళ్ళంతా డప్పులతో సహా లేచి బయలుదేరారు. కదిలే డప్పును కదలని గుర్తనుకుని గురువూ శిష్యురాలూ ఇద్దరం దాని వెంట పడ్డాం. ఎక్కడ మలుపు తిరిగామో నాకు తెలియదు. సత్తెమ్మకు తెలుసు గానీ ఆవిడ నోరు నేనే కుట్టేశాను.

ర్యాలీ ముందుకు సాగిపోయింది. జనం పలచబడ్డాక అంబిక కర్ర ఆగినట్టు తెలిసింది. గాలిలో బురద వాసన, గుర్రపుడెక్క కుళ్ళిన వాసన. సరూర్‌నగర్ చెరువు. ఇంకో సందు తిరిగితే అంబిక వాళ్ళ ఇల్లు. ఆలస్యమైంది, కాళ్ళు పీకుతున్నాయి, పైగా బంద్. ఇంటికి పోయి పడుకున్నా ఎవరూ తప్పు పట్టరు. ఎక్కడ ఇంటిదారి పడుతుందోనని నాకు నిజంగా భయమేసింది.

"అమ్మా," అంది అంబిక.

సత్తెమ్మ ఇంకా ఇచ్చిన మాట మీదే ఉంది. ఊపిరి మాత్రం ఎగపోస్తోంది.

"నీ చెప్పుల సప్పుడు మొదటికెల్లి ఇంటున్న. సార్ కర్ర సప్పుడు గూడ. తప్పు మలిగితే మీరు పిలుస్తరని ధీమాగ నడిచిన. గందుకే తప్పిన."

ఇన్నేళ్ళుగా ఎవరి వెనక నడిచినా, నా కర్ర వాళ్ళకు వినబడుతుందని ఒక్కసారీ అనుకోలేదు.

"ఇగ మీరు నా ఎనక రాకుండ్రి," అంది. "అమ్మా, సార్‌ను ఇంటికి తోల్కపో. ఆయనకు గూడ తొవ్వ తెల్వదు."

తర్వాత ఎటో తిరిగి, "అన్నా, ఎల్‌బీనగర్ ఎట్ల పోవాలె?" అని అడిగింది. "సీదా పోయి కొత్తపేట కాడ కుడికి మలుగు చెల్లె," అంది ఒక మగగొంతు. కర్ర చప్పుడు మళ్ళీ మొదలై, దూరమై, వినబడకుండా పోయింది. సత్తెమ్మ అడుగు ముందుకు వేయబోతే గబుక్కున ఆవిడ భుజం పట్టుకున్నాను. ఆపడానికే పట్టుకున్నాను. తర్వాత ఆ భుజం పట్టుకునే వాళ్ళింటికి నడిచాను.

చాయ్ చల్లారిపోయింది. ఇద్దరం తాగలేదు. ఎండ ఎక్కాక ఆసుపత్రికి ఫోన్ చేస్తే, "ఆపరేటర్ ఇంకా రాలే," అని ఎవరో విసుగ్గా పెట్టేశారు. సత్తెమ్మ ఏడ్చింది. నేను ఓదార్చలేదు, నా పరిస్థితీ అంతంతమాత్రమే. చాలాసేపటికి ఆవిడ, "ఇంకొక్కసారి చెయ్యి సారూ," అంది.

"నమస్కారం. ఎవరు గావాలె సార్?"

నేను గొంతు సవరించుకునేలోపే సత్తెమ్మ ఫోన్ లాక్కుంది. "నువ్వే గావాలె బిడ్డా! చేరినవా?"

"ఒక్కదాన్నే ఒచ్చిన అమ్మా. డ్యూటీల ఉన్న. ఇంకో లైన్ మోగుతున్నది, పెట్టేస్తున్న."

ఫోన్ కట్టయింది. సత్తెమ్మ దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పెట్టేసింది సారూ, నా బిడ్డ," అంది, చెయ్యి ఇడువ అన్ననాటి గర్వంతోనే.