రెండో మీటరు

గ్రామ సచివాలయంలో కంప్యూటరు ముందు కూర్చున్న ప్రియాంక, ఇన్నమ్మ ఆధార్ నంబరు కొట్టి తెర వైపు చూసింది. చెరిపేసి మళ్లీ కొట్టింది.

"మామ్మగారూ, మీ ఇంట్లో ఏసీలెన్ని?"

ఇన్నమ్మ పక్కన నిలబడ్డ కొడుకును చూసింది. "ఫ్యానొకటుందమ్మా. దానికీ ఒక రెక్క ఊడిపోయింది."

"వేళాకోళం కాదండీ. మీ ఇంటి కరెంటు నెలకి పదకొండొందల నలభై యూనిట్లు చూపిస్తోంది. మూడొందలు దాటితే పెన్షన్ ఇవ్వరు."

ప్రియాంక ఆ ఊళ్లో పెన్షన్ల పని చూస్తుంది. ఇన్నమ్మ భర్త సవరయ్య ఈస్టర్‌కి వారం ముందు చనిపోయాడు. అతనికి నెలకు నాలుగు వేలు వృద్ధాప్య పెన్షన్ వచ్చేది. భర్త పోయాక అది భార్యకు మారుతుందని, మరణ ధ్రువపత్రం తెచ్చి దరఖాస్తు పెట్టమని చెప్పింది ప్రియాంకే. నలభయ్యో రోజు పూజ అయిన మర్నాడు తల్లీకొడుకులు వచ్చారు.

కొడుకు ఇన్నయ్యకు నలభై తొమ్మిదేళ్లు. పాతికేళ్లు రెడ్డిగూడెం చుట్టుపక్కల తోటల్లో చిక్కం పట్టి మామిడికాయలు కోశాడు. నాలుగేళ్ల కిందట రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడు రోజులు నూజివీడు వెళ్లి డయాలసిస్ చేయించుకుంటాడు. అందుకని ప్రభుత్వం అతనికి నెలకు పదివేలు ఇస్తోంది. ఇంట్లో ముగ్గురు. వేరే రాబడి లేదు.

"నాకొస్తోందని అమ్మకి ఆపారా?" అని ఇన్నయ్య అడిగాడు.

"కాదండీ. మీది రోగం పెన్షన్. దాంతోపాటు ఇంట్లో ఇంకొకరు తీసుకోవచ్చు. తాతగారు తీసుకోలేదా?"

"ఆయనకి అడ్డురాని కరెంటు అమ్మకెందుకొచ్చింది?"

"తాతగారిది పాతది. ఎవరూ తిరగేసి చూడలేదు. కొత్త దరఖాస్తు పెడితే కంప్యూటరు ఇల్లు మొత్తాన్నీ మళ్లీ జల్లెడ పడుతుంది." ప్రియాంక తెరను కొంచెం అతని వైపు తిప్పింది. "ఇంకో మాటండీ. మీ పేరు పక్కన కూడా ఎర్ర గుర్తు పడింది. పదిహేను రోజుల్లో జవాబివ్వకపోతే మీ పదివేలూ ఆగిపోతాయి."

ఇన్నమ్మ బల్ల మీద చెయ్యి పెట్టింది. "అయితే నా కాగితం తీసెయ్యి తల్లీ. నాకొద్దు."

"తీసేసినా ఆ గుర్తు పోదు మామ్మగారూ."

ప్రియాంక ఒక చీటీ మీద నంబరు రాసి ఇన్నయ్యకు ఇచ్చింది. "మీ ఆధార్ మీద రెండు మీటర్లున్నాయి. ఒకటి మీ ఇంటిది. ఇది రెండోది. ఎక్కడుందో కరెంటాఫీసులో అడగండి. మీరు వాడట్లేదని వాళ్లు కాగితమిస్తే నేనిక్కడ సరిచేస్తాను."

లైన్‌మన్ సుబ్బారావు ఇన్నయ్యతో బడికి వెళ్లినవాడు. ఆఫీసు అరుగు మీద స్టీలు క్యారేజీ విప్పి అన్నం తింటున్నాడు. చీటీ చదివి ఎడం చేత్తో ఫోన్‌లో నంబరు నొక్కాడు.

"ఇంత కరెంటు కాల్చుకుంటూ ఒక్కసారన్నా పిలవలేదేంట్రా? నేనూ వచ్చి చల్లగా కూర్చునేవాణ్ని కదా."

"ఎక్కడుంది అది?"

"విస్సన్నపేట రోడ్డులో షెడ్డు. పోయినేడు మార్చిలో ఇచ్చారు. కాయ మగ్గబెట్టే గది. పేరు నీదే, ఆధార్ నీదే." ఫోన్ ఇన్నయ్య ముందుకు చాపాడు. "బిల్లు మెసేజీ ఈ నంబరుకు వెళ్తుంది. ఇదీ నీదేనా?"

ఇన్నయ్యకు కంఠతా వచ్చిన ఫోన్ నంబరు ఒక్కటే. దానికి అతను సోమ, బుధ, శుక్రవారాల్లో తెల్లవారుజామున ఐదింటికి మిస్డ్ కాల్ ఇస్తాడు. తెర మీద ఉన్నది ఆ నంబరు. ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్లే భార్య తమ్ముడు కిషోర్ బాబుది.

"నాది కాదు," అన్నాడు.

"అయితే కంప్లయింట్ రాసియ్యి. నీకు తెలియకుండా నీ పేర పెట్టారని. మా ఇంజనీరు ఏఈ గారు నీకు కాగితమిస్తారు. కానీ నువ్వు సంతకం పెట్టాక నేను వెళ్లి ఫ్యూజు పీకాలి. జరిమానా వేస్తారు. సీజను కదా, లోపల కాయుంటుంది. ఎవరి కాయని నేను చూడను." సుబ్బారావు ముద్ద కలుపుతూ ఆగాడు. "ఎవరో తెలిసిందా?"

ఇన్నయ్య చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ షెడ్డు అతనికి తెలుసు. అది చందు అనే వ్యాపారిదని, తాను అక్కడ జీతానికి ఉన్నానని కిషోర్ బాబు చెప్పాడు. పోయిన వేసవిలో డయాలసిస్ నుంచి వస్తూ రెండుసార్లు అందులో కూర్చోబెట్టాడు కూడా. లోపల చల్లగా ఉంది. గోడ పొడుగునా ట్రేలలో బంగినపల్లి కాయ. డయాలసిస్ చేయించుకునేవాళ్లు మామిడిపండు తినకూడదు. ఇన్నయ్య వాసన చూసి, అరగంట నడుం వాల్చి లేచాడు. "ఎవరి చలవో బావా, హాయిగా పడుకున్నావు," అని ఆరోజు కిషోర్ బాబు నవ్వాడు.

శుక్రవారం ఐదున్నరకు ట్రాలీ ఆటో వచ్చింది. వెనక ఖాళీ ట్రేలు కట్టి ఉన్నాయి. మూడేళ్లలో కిషోర్ బాబు ఒక్కరోజు కూడా ఆలస్యం చేయలేదు. పెట్రోలు డబ్బు ఇస్తే తీసుకోలేదు. ఇన్నయ్య ముందు సీట్లో కూర్చుని ఆసుపత్రి ఫైలు ఒళ్లో పెట్టుకున్నాడు. ఊరు దాటాక అడిగాడు.

"కిషోరూ, చందు షెడ్డుకి మీటరెవరి పేరుమీదుంది?"

కిషోర్ బాబు గేరు మార్చాడు. "ఎందుకు బావా?"

"అమ్మ పెన్షను ఆగింది. నాదీ ఆగుతుందంటున్నారు."

బండి కొంత దూరం వెళ్లి ఒక తోట దడి పక్కన ఆగింది. కిషోర్ బాబు ఇంజను ఆపలేదు.

"నీది ఆగదు బావా. నేను కనుక్కునే చేశాను. రోగం పెన్షనుకి కరెంటు చూడరన్నారు."

"ఎవరన్నారు?"

"నలుగురూ అన్నారు."

"షెడ్డెవరిది?"

"సగం చందుది. సగం నాది."

"మరి నీ పేర పెట్టుకోవచ్చుగా."

"పెట్టుకుంటే నా రేషన్ కార్డు మీద పడుతుంది. పిల్లల బడి డబ్బులు ఆగుతాయి, బియ్యం ఆగుతాయి. చందుకి కారుంది కాబట్టి వాడికి కార్డే లేదు. వాడి పేర పెడితే రేపు షెడ్డు మొత్తం నాదేనంటాడు. నీదైతే ఎవరూ అడగరనుకున్నా."

"నాకు పోతుందని నీకు తోచలేదా?"

"తోస్తే చేస్తానా? మామయ్య పోతాడని, అత్తయ్య కొత్తగా దరఖాస్తు పెడుతుందని ఎవరనుకున్నారు?" కిషోర్ బాబు అద్దం మీది దుమ్మును వేలితో తుడిచాడు. "ఒక పని చెయ్యి. అత్తయ్యని ఆగమను. జూన్ దాటితే కాయ అయిపోతుంది. అప్పుడు మీటరు మార్పించేస్తా."

"ఏడాది సగటు చూస్తారంట. పదిహేను రోజులే టైమిచ్చారు."

"అయితే నీదే అని చెప్పు. షెడ్డు అద్దెకిచ్చాననో ఏదో ఒకటి చెప్పు."

"నా షెడ్డు అద్దెకిచ్చానని చెబితే నాకు పెన్షనెందుకిస్తారురా?"

కిషోర్ బాబు "మూడేళ్లు తిప్పాను బావా. లెక్కేశానా ఎప్పుడైనా?" అన్నాడు.

"వెయ్యలేదు."

"మరి?"

"నా ఆధార్ నీకెక్కడిది?"

ఈ ప్రశ్నకు మాత్రం కిషోర్ బాబు అతని వైపు తిరిగాడు. "నీ ఒళ్లో ఉంది చూడు, ఆ ఫైల్లోంచే. అక్కే ఇచ్చింది. దేనికో చెప్పే అడిగాను. నేను దొంగతనం చెయ్యలేదు."

ఏడింటికి డయాలసిస్ మొదలైంది. నాలుగు గంటలు ఇన్నయ్య మిషన్ మీదున్నాడు. ఫైలు మంచం పక్క స్టూలు మీద ఉంది. దాని వెనక అరలో ఆధార్ జిరాక్సులు పది ఎప్పుడూ ఉంటాయి. ఆసుపత్రిలో, బ్యాంకులో, సచివాలయంలో ఎవరడిగినా ఒకటి తీసి ఇస్తారు. ఎందుకని అడగరు. అయిపోవస్తే భార్య జెరూషా రెడ్డిగూడెం వెళ్లి ఇంకో పది తీయించుకొస్తుంది. ఆ ఊళ్లో జబ్బు మనిషి ఉన్న ప్రతి ఇంట్లోనూ అలాంటి ఫైలు ఒకటుంది.

ఇంటికి వచ్చేసరికి జెరూషా వాకిట్లో బియ్యం చెరుగుతోంది. తమ్ముడు అతన్ని దింపి, తను బండి దిగకుండానే వెళ్లిపోవడం చూసి ఆమెకు అర్థమైంది. చేట పక్కన పెట్టింది.

"చెప్పాడా?"

"వాడు చెప్పాడు. నువ్వే చెప్పలేదు."

"వాడు అడిగినప్పుడు మీరు మిషన్ మీదున్నారు. ఆసుపత్రి వరండాలో అడిగాడు. బయట మీ కోసమే బండి పెట్టుకుని కూర్చున్నాడు. ఏమని కాదనేది?"

"అప్పుడు కాకపోతే ఇంటికొచ్చాక చెప్పొచ్చుగా. సంవత్సరం పైనైంది."

"చెబితే మీరు మళ్లీ ఆ బండెక్కేవారా?"

ఇన్నయ్య ఆలోచించాడు. "ఎక్కేవాణ్ని కాదు."

"అందుకే చెప్పలేదు."

లోపల్నుంచి ఇన్నమ్మ అంది. "నేను చెప్తూనే ఉన్నాను, నా కాగితం తీసెయ్యండి అని. ముసలిదానికి పెన్షనెందుకు, మందులెందుకు. మీరు మీరు బాగుండండి."

"నువ్వూరుకో అమ్మా. నువ్వడిగింది నీకు రావాల్సింది."

"రావాల్సింది నాకు కాదురా, మీ నాన్నకి. నాకు పెట్టిపోయాడనుకున్నాను." ఆమె బయటికి వచ్చి కోడలి పక్కన కూర్చుని చేట అందుకుంది. "అమ్మాయ్, ఒకటడుగుతాను. ఆయన శవప్పెట్టె మోసినప్పుడు మీ తమ్ముడు ముందు భుజం పట్టాడు. అప్పుడు కూడా ఈ మీటరుందా?"

జెరూషా తలూపింది.

ఇన్నమ్మ చేటలోని మట్టిబెడ్డలు ఏరి పారేయడం మొదలుపెట్టింది.

కంప్లయింట్ రాయడానికి ఇన్నయ్యకు నాలుగు రోజులు పట్టింది. కిషోర్ బాబు ఆదివారం మనిషిని పంపాడు. జూన్ దాటగానే మార్పిస్తానని, ఈలోపు నెలకింత ఇస్తానని కిషోర్ బాబు అన్నట్టు ఆ వచ్చినవాడు చెప్పాడు. వచ్చినవాడు చందు. తాను కిషోర్ బాబు మాట తెచ్చానని, తనకు ఇందులో సంబంధం లేదని కూడా చెప్పాడు. జెరూషా అతనికి మంచినీళ్లు ఇచ్చింది. ఇన్నయ్య ఏమీ ఒప్పుకోలేదు, కాదని కూడా అనలేదు. సోమవారం ఎప్పటిలాగే ఐదింటికి మిస్డ్ కాల్ ఇచ్చాడు. ఆటో వచ్చింది. నూజివీడులో దిగేటప్పుడు కిషోర్ బాబు ఫైలు అందించి, "రాసేస్తావా?" అని అడిగాడు.

"రాస్తాను."

"రాసిన రోజు నుంచి నాకు ఫోన్ చెయ్యకు బావా. నేనెత్తలేను."

"అది తెలిసే రాస్తాను."

తిరిగి వచ్చేటప్పుడు అతన్ని ఎక్కించుకొచ్చింది కూడా కిషోర్ బాబే.

మంగళవారం ఇన్నయ్య సుబ్బారావు ఎదుట కూర్చుని తెల్ల కాగితం మీద రాశాడు. తన పేర షెడ్డు లేదని, మీటరు పెట్టమని తాను అడగలేదని, సంతకం తనది కాదని రాశాడు. ఆధార్ కాగితం ఎవరిచ్చారనే దగ్గర ఆగాడు.

"అది రాయాలా?"

"రాస్తే మంచిది," అన్నాడు సుబ్బారావు. "రాయకపోతే నువ్వే ఇచ్చావంటారు."

ఇన్నయ్య చివరకు, ఆసుపత్రి ఫైల్లో నుంచి తనకు తెలియకుండా తీశారని రాశాడు. ఎవరు తీశారో రాయలేదు. సంతకం పెట్టాడు.

సాయంత్రానికి ఫ్యూజు పీకారు. లోపలున్న కాయను రెండు లారీల్లో చింతలపూడి మార్కెట్టుకు తరలించారని, వచ్చిన ధరకు అమ్మేశారని మర్నాడు తెలిసింది. ఏఈ ఇచ్చిన కాగితం చూసి ప్రియాంక ఎర్ర గుర్తు తీయించింది. ఇన్నయ్య పెన్షన్ ఆగలేదు. ఇన్నమ్మ దరఖాస్తు మళ్లీ మొదటినుంచి పెట్టారు. ఈసారి జిరాక్సు తీసుకున్నప్పుడు ప్రియాంక దాని మీద అడ్డంగా కలంతో రాసింది. భార్యాభర్తల పెన్షన్ మార్పు కోసం మాత్రమే అని రాసి, కింద తేదీ వేసింది.

"ఇక నుంచి ఎవరికిచ్చినా ఇలా రాసివ్వండి. ఇంకో పనికి వాడుకోలేరు."

"ఎవరికిచ్చినానా?" అని ఇన్నయ్య అడిగాడు.

"ఎవరికైనానండీ."

బుధవారం నుంచి ఇన్నయ్య నూజివీడుకు బస్సులో వెళ్తున్నాడు. నాలుగింటికి లేచి కిలోమీటరున్నర నడవాలి. డయాలసిస్ అయ్యాక బస్టాండులో కాసేపు పడుకుని బయలుదేరతాడు. తోడు ఇన్నమ్మ వెళ్తుంది. జెరూషా వస్తానంది, అతను వద్దన్నాడు. జెరూషా పుట్టింటివాళ్లు ఫోన్ చేయడం మానేశారు. చర్చికి ఆమె ఒక్కతే వెళ్లి వస్తోంది.

తర్వాతి వారం గ్యాసు కంపెనీవాళ్లు ఊళ్లోకి వచ్చి వివరాలు నమోదు చేస్తున్నారు. కనెక్షన్ ఇన్నయ్య పేర ఉంది. జెరూషా గుమ్మంలో నిలబడి అడిగింది.

"మీ ఆధార్ జిరాక్స్ ఒకటి కావాలంట."

ఫైలు ఇప్పుడు ఇన్నయ్య మంచం మీద, దిండు కింద ఉంటుంది. ఒక జిరాక్సు తీశాడు. తొడ మీద పెట్టుకుని అడ్డంగా రాశాడు. గ్యాసు కనెక్షన్ కోసం మాత్రమే. చాపి ఇచ్చాడు.

జెరూషా అందుకుని చదివింది. ఒకటికి రెండుసార్లు చదివింది.

"తేదీ వెయ్యలేదు," అంది.

ఇన్నయ్య కాగితం వెనక్కి తీసుకుని తేదీ వేసి ఇచ్చాడు.