కోట గుమ్మం మీద పూలవాన

షికాగో పక్కన నేపర్‌విల్ దాటాక మొక్కజొన్న చేల మధ్య నిలబడ్డ ఆ రాతి ఇంటిని చూస్తేనే దేదీప్యకు రోత పుట్టేది. ఇంగ్లండులో ఒక దొర బురుజులూ ఎత్తు గోడలూ పెట్టి కట్టుకున్న ఇల్లది. వందేళ్ల కిందట షికాగో మాంసం వ్యాపారి ఒకడు దాన్ని రాయి రాయి విప్పించి, ఓడలకెక్కించి తెచ్చుకున్నాడు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీ అమ్ముకున్న జగదీష్ కొన్నాడు. తెలుగువాళ్ల పెళ్లిళ్లకు అద్దెకిస్తాడట.

చరిత్రలో మాస్టర్స్ చేసిన దేదీప్యను ఆ ఇంటి కథ తవ్వి తీయమని పనిలో పెట్టుకున్నాడు. ఈ నెలలో అతను వీసా ఫైల్ చేయకపోతే ఆమె పెట్టె సర్దుకోవాల్సిందే.

తవ్వింది. తవ్వేకొద్దీ కంపే. మొదటి దొర ఊరుమ్మడి పచ్చికబయళ్లకు కంచె వేసుకున్నాడు. కరువులో జనం గింజలడగడానికి వస్తే, సింహద్వారం పైకప్పులో పెట్టించిన రంధ్రాల్లోంచి మరిగే నీళ్లు పోయించాడు. చచ్చినవాళ్లలో పసిపిల్లలున్నారు. తర్వాత పాడుబడ్డ ఇంటిని కొని బాగుచేయించినవాడు ఈస్టిండియా కంపెనీ కాలపు కలెక్టరు. గుంటూరు కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే, వాళ్ల దగ్గర పిండిన శిస్తులో తినగలిగినంత తిని సీమకు పోయిన ఘనుడు.

"ఇదీ కథ అంకుల్," అని చెప్పింది జగదీష్‌కి.

"మరీ డిప్రెసింగ్‌గా ఉందమ్మా. గృహప్రవేశానికి గెస్టులొస్తున్నారు. రాజులొచ్చి బస చేశారని చెప్పు, కాస్త గ్రాండ్‌గా. ఎవరు చెక్ చేస్తారు?"

గృహప్రవేశం రోజు అద్దె ఆవు ముందు నడిచింది. వెనక పట్టుచీరలు, కెమెరాలు. గుమ్మం పై రంధ్రాల్లోంచి పిల్లలు గులాబీ రేకులు గుమ్మరించారు. జగదీష్ భార్య సుధ ఐడియా అది.

"వీటిని మర్డర్ హోల్స్ అంటారంట. క్యూట్ కదా?" అంటోంది సుధ ఎవరితోనో.

దేదీప్య జుట్టులో పడ్డ రేకుల్ని పురుగుల్లా దులుపుకుంది. ఛీ, ఏం మనుషులు.

భోజనాల ముందు ఆమె చేతికి మైకిచ్చారు. రాజుల కథ నాలుక చివరే ఉంది. కానీ నోరు రాలేదు. ఉన్నదంతా చెప్పేసింది: కంచె, మరిగే నీళ్లు, పిల్లలు, గుంటూరు శిస్తు. ఇందాక మీ మీద పూలు పడ్డది ఆ రంధ్రాల్లోంచేనని కూడా చెప్పింది. కెమెరాలు పట్టుకున్నవాళ్లు వాటిని కిందికి దించారు. వీసా పోయినట్టేననుకుంది. అయినా గుండె తేలికైంది.

జగదీష్ లేచి మైకందుకున్నాడు.

"మాది గుంటూరు జిల్లానే. అంటే ఇది మన తాతల శిస్తుతో నిలబడ్డ ఇల్లు. దొర పట్టుకుపోయినదాన్ని నేను వెనక్కి తెచ్చా."

హాలు ఈలలతో, చప్పట్లతో దద్దరిల్లింది. చచ్చిన పిల్లల ఊసు ఒక్కరూ ఎత్తలేదు. పాయసం వడ్డన మొదలైంది.

జగదీష్ నవ్వుకుంటూ ఆమె దగ్గరికొచ్చాడు.

"అదరగొట్టావమ్మా. మండే లాయర్‌తో మాట్లాడి నీ వీసా ఫైల్ చేయిస్తా. ఇకనుంచి ప్రతి పెళ్లికీ ఇదే చెప్పు. ఆ వేడినీళ్ల దగ్గర మాత్రం కొంచెం ఏడుపు గొంతు పెట్టు, బాగా పండుద్ది."

అతని మొహాన ఉమ్మేయాలనిపించింది దేదీప్యకు. నోరు తెరిచింది.

"థాంక్యూ అంకుల్," అంది.