తలుపు తీసిన రాణి

మా ఊరు పోవడానికి కారణం మా వదిన జమున. ఈ మాట నేను ఎవరి ముందైనా చెబుతాను, ఆమె ముందు కూడా చెప్పాను. అప్పుడు ఆమె సర్పంచ్. ఓపెన్‌కాస్టు గని కోసం భూములు అడుగుతూ గ్రామసభ పెట్టినప్పుడు, ఇవ్వమంటే ఇవ్వమని మేం గొంతులు చించుకుంటుంటే, ఆమె లేచి వెళ్లి మొదటి సంతకం పెట్టింది. సర్పంచే పెట్టాక మిగతావాళ్లు ఆగుతారా? గొర్రెల్లాగా వెనకే పోయారు. నాలాంటి కొందరం కోర్టుకు పోయి చెప్పులు అరగదీసుకున్నాం. ఏడో తరగతిలో బడి మానేసినవాడిని, వకీలు చూపించిన చోటల్లా సంతకం పెట్టాను. ఆఖరికి అందరితోపాటే లేచి కొత్త కాలనీకి వచ్చాం.

ఆనాటి నుంచి ఆమెకు సిరమ్మ అని పేరు పడింది. పెట్టింది నేనే. బాగా అతికిందని మురిసిపోయాను కూడా.

సిరమ్మ అంటే ఒకప్పటి రాణి పేరు. మా ఊరి వెనక గట్టు మీద ఒక పాత కోట ఉండేది. శత్రువులు చుట్టుముట్టి, రాజు లోపలి నుంచి కొట్లాడుతుంటే ఈమె దొంగ దర్వాజా తీసిందట. కోట పోయింది, రాజు పోయాడు. మా వాళ్లకు తెలిసిన చరిత్ర అంతే. పొలిమేరలో ఆమె రాయి ఉందని అనేవారు గానీ నేనెన్నడూ చూడలేదు. దాని మీద మనిషెత్తు రాళ్లకుప్ప. మా ఊరికి వచ్చే ప్రతి కొత్త కోడలూ ఇంట్లో అడుగుపెట్టకముందే అక్కడ ఆగాలి. మామ ఆమెకు రాణి కథ చెప్పి ఎడమచేతిలో ఒక రాయి పెట్టాలి. కోడలు ఆ రాయి విసిరి, అత్తింటి తలుపు పరాయివాళ్లకు తియ్యనని మొక్కుకోవాలి. మా అవ్వ విసిరింది, నా భార్య విసిరింది, జమున కూడా విసిరింది.

ఊరు లేచేటప్పుడు పోచమ్మను, హనుమంతుణ్ణి ట్రాక్టర్‌లో ఎక్కించాం. సిరమ్మను ఏం చెయ్యాలన్న దగ్గర పంచాయితీ పడింది. గని గుంతలోనే పోనియ్యమన్నారు సగం మంది. ముసలి ఆగయ్య ఒప్పుకోలేదు. ఆమె లేకుంటే కోడళ్లు ఊళ్లోకి ఎట్లా వస్తారు, తిట్టడానికైనా ఒక మనిషి ఉండాలి కదా అన్నాడు. అట్లా కుప్ప తవ్వి, రాయిని బయటికి లాగి, ద్రోహం చేసినదాన్ని పోచమ్మ పక్కనే కూర్చోబెట్టి తెచ్చి కాలనీలోకి వచ్చే దారి మీది కమాను దగ్గర నిలబెట్టారు. దానికి పట్టిన మన్నును వానలే కడిగాయి. దగ్గరికి పోయి చూసే అవసరం ఎవరికీ పడలేదు.

కాలనీలో మొదటి పెళ్లి నా కొడుకు అంజిది. వాడు గనిలో కంట్రాక్టు కింద డంపర్ నడుపుతాడు. వాడి చిన్నతనంలోనే తల్లి చనిపోతే పెంచింది జమునే. మా అన్న పోయాక ఆమెకూ వేరే ఎవరూ లేరు. నేను ఆమెతో మాట మానేసినా వాడు మాత్రం ఆ ఇంట్లో సగం, ఈ ఇంట్లో సగం తిన్నాడు. గోదావరిఖనిలో మైనింగ్ సర్దార్‌గా చేసే నర్సింగం బిడ్డ తిరుమలతో సంబంధం కుదిరింది. ముహూర్తం పెట్టుకుని వచ్చిన రోజే అంజి నా ఎదురుగా కూర్చున్నాడు.

"బాపు, పెద్దమ్మ ముంగట ఆ రాయి ముచ్చట వద్దు. అందరు ఆమె దిక్కు చూసుకుంట నవ్వుతరు. నువ్వు గదే చేస్తనంటే నేను ఖనిలనే కిరాయికి ఉంట. మళ్ల నీ ఇంట్ల అడుగుపెట్ట."

"ఆచారం నీ అయ్య పెట్టిండా?" అన్నాను.

"ఆచారం కాదు. పేరు పెట్టిండు."

వాడన్నది నిజమే. అయినా తగ్గలేదు. వాడు పోతే రెండు గదుల ఇంట్లో నేనూ గోడలే మిగులుతామని తెలుసు. తెలిసీ మొండికేశాను. ఒక్కసారి తగ్గితే ఆ గ్రామసభలో కూడా నాదే తప్పని ఒప్పుకున్నట్టవుతుందని నా భయం.

పెళ్లి ఖనిలో అయింది. మధ్యాహ్నం కారు కాలనీ కమాను ముందు ఆగింది. డప్పులు ఆగాయి. ఆగయ్య నా చేతిలో రాయి పెట్టాడు. ఆడవాళ్లలో ఇద్దరు ముగ్గురు అప్పుడే కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి చూస్తున్నారు. అక్కడ, అందరికంటే వెనక, జమున నిలబడి ఉంది. అంజి డ్రైవర్‌కు బండి బంద్ చెయ్యొద్దని సైగ చేశాడు. అది నేను చూశాను.

కథ మొదలుపెట్టాను. ఈమె సిరమ్మ, మొగడు కొట్లాడుతుంటే తలుపు తీసింది, కోట పోయింది, నువ్వట్ల చెయ్యకు బిడ్డా అని నాలుగు ముక్కలు చెప్పి రాయి చాపాను. తిరుమల తీసుకోలేదు. వంగి ఆ బండ వైపు చూస్తోంది. గీతల్లో మిగిలిన మన్నును వేళ్లతో కాస్త గీకింది.

"మామా, గీళ్లందరు ఎవరు?"

నేనూ అప్పుడే చూశాను. బండ మీద ఒక దర్వాజా చెక్కి ఉంది. దాని బయట వరసగా చిన్న చిన్న మనుషులు. నెత్తి మీద మూటలున్నవాళ్లు, చంకలో పిల్లలున్నవాళ్లు, కట్టె పట్టుకున్న ముసలివాడు ఒకడు. రెండు చేతులతో తలుపు పట్టుకుని ఒక ఆడమనిషి ఇంకా లోపలే ఉంది. ఇన్నేళ్లు మేం విసిరిన రాళ్ల కింద ఉండి ఒక్క ముఖం కూడా చెక్కుచెదరలేదు.

"ఎవరైతేంది బిడ్డా, జల్ది ఇసురు. బువ్వ సల్లారుతాంది" అన్నాడు ఆగయ్య.

తిరుమల అతని వైపు చూడలేదు. "మా బాపు సర్దార్ మామా. గనిల నీళ్లొచ్చినా, గ్యాస్ పట్టినా, కింద ఉన్నోళ్లందరిని బయటికి తోలి ఆఖరుకు ఎక్కుతడు. గీమె అందరికన్న ఎనక ఉన్నది గద. కోటను అమ్ముకున్నదైతే ముందుగాల ఉరుకుతుండె."

గని ముచ్చట ఇక్కడెందుకని నర్సింగం బిడ్డను మెల్లగా గదమాయించాడు. కానీ ఆ మాట నా చెవిలో పడిపోయింది. మా అవ్వ చెప్పిన ముక్క ఒకటి మనసులోకి వచ్చింది. కోట బావి ఎండిపోయిందట, పిల్లలకు తాగడానికి నీళ్లు లేవట. రాయి విసిరేటప్పుడు ఆ ముక్క ఎవరూ చెప్పరు. మా ఊళ్లో కూడా గ్రామసభకు ముందు రెండేళ్లు వానల్లేక బోర్లు ఎండాయి. ముసలి సారవ్వ వాగు దాకా బిందె మోసేది. గ్రామసభలో జమున ఆ నీళ్ల మాటే ఏదో చెప్పబోయింది, మా అరుపుల్లో వినపడలేదు.

సంతకం మొదట పెట్టింది ఆమే. మరి ఊరు విడిచింది ఎప్పుడు? దసరాకే నేను సామాను కట్టుకుని వచ్చేశాను. కరెంటు తీసేసిన ఊళ్లో ఆమె ఇంకా ఉంటే, పైసలు ఎక్కువ గుంజడానికే అన్నాను. ఎవరు ఎప్పుడు వచ్చారో, అందరికన్నా ఆఖరున ఎవరు వచ్చారో నా కళ్లతో నేను చూసినవాడినే.

"వదినె," అన్నాను. అందరూ తిరిగి చూశారు. "సారవ్వ ఇల్లు ఖాళీ అయినంకనే గద నువ్వు వచ్చింది?"

జమున నాలుగడుగులు ముందుకు వచ్చింది. "సారవ్వ ఎప్పుడో ఎక్కింది కొమురెల్లీ. ఆమె మేక ఎక్కలే. దాన్ని పట్టేసరికి పొద్దుగూకింది."

అందరూ నవ్వారు. ఈసారి ఆమెను చూసి కాదు.

నేను రాయిని పక్కన పడేశాను. మరి కోడలు లోపలికి ఎట్లా వస్తుందని ఆగయ్య అడ్డం తగిలాడు. కథ మళ్లీ చెబుతానన్నాను.

"బిడ్డా, గీమె సిరమ్మ. నీళ్లు లేని కోటల దర్వాజ తీసి అందరిని బయటికి తోలింది. తను ఎల్లిందో లేదో ఎవ్వలకు తెల్వదు. ఇల్లు పట్టుకుంటే గిట్ల పట్టుకోవాలె."

తిరుమల కాళ్లు కడుక్కునే చెంబులోని నీళ్లు ఆ బండ మీద పోసింది. వచ్చే ఏడు బోనం కూడా ఎత్తుతారేమోనని ఆగయ్య గొణిగాడు. ఎత్తితే తప్పేందని ఆడవాళ్లలోంచి లింగవ్వ అన్నది, పసుపు కోసం తన కొంగు ముడి విప్పుతూ. వెనక కారు ఇంజను ఆగిన చప్పుడు వినపడింది.

నా కోపం పోయిందని ఎవరూ అనుకోవద్దు. సంతకం సంతకమే. దాని మీద వదినతో నాకింకా పంచాయితీ ఉంది. కానీ ఆ పంచాయితీ ఇకనుంచి మా ఇంట్లో కూర్చుని చేసుకుంటాం. ఆ సాయంత్రం ఆమె మా ఇంట్లోనే తిన్నది. వడ్డిస్తూ తిరుమల, మనకు భూమి ఎంత పోయింది మామా అని అడిగింది. ఇన్నేళ్లుగా ఎవరు అడిగినా నాది ఒక్కటే చెప్పేవాణ్ణి.

"అన్నదమ్ములం సమానంగ పంచుకున్నం బిడ్డా. నాది రెండెకరాల ఎనిమిది గుంటలు. మీ పెద్దత్తది రెండెకరాల ఎనిమిది గుంటలు. మొత్తం నాలుగెకరాల పదహారు గుంటలు."