నీడలో మరో నీడ

ఈ వృత్తాంతం మొదట వినవచ్చింది ఆ శిథిల నగరంలో టిక్కెట్లు ఇచ్చే ఆవిడ నోట. ఆమె గోరంతను కొండంత చేసి చెప్పే మనిషి గనుక, అప్పట్లో అక్కడ పనిచేసిన అధికారిణి వద్ద సరిచూసుకోవలసి వచ్చింది. ఇద్దరూ ఒప్పుకున్న మేరకే ఇక్కడ చెప్పడం జరుగుతోంది.

ఆ నగరంలో గోడలు కూలి ఎనిమిది వందల ఏళ్లయింది. నీడలు మాత్రం కూలలేదు. పొద్దెక్కగానే, లేని కోటగుమ్మం నీడ టిక్కెట్ల గది ముందు పడేది. మోకాలెత్తు పునాదుల పక్కన లేని మేడల నీడలు నిండుగా పరుచుకునేవి. తవ్వకం కూలీలు ధాన్యపు కొట్టు నీడలో భోజనాలు చేసి, అక్కడే ఒక కునుకు తీసేవారు. సందర్శకులు మేడల నీడల్లో నిలబడి "హమ్మయ్య, ఇక్కడ చల్లగా ఉంది" అనుకుంటూ టోపీలు తీసి విసురుకునేవారు.

ఇరవయ్యారేళ్లుగా గైడుగా ఉన్నాయనను అందరూ మాస్టారనే పిలిచేవారు. ఆయన ఉదయం గోడలకు పడమటి పక్కన, సాయంత్రం తూర్పు పక్కన, నీడ ఎటుంటే అటు జనాన్ని నడిపించేవారు. రెండేళ్లుగా ఆయనకు చూపు లేదు. నీడ ఒంటికి తగిలిన తీరును బట్టే "ఇది రాణివాసం, ఇది కొలువుకూటం" అని అడుగు తప్పకుండా చెప్పుకుపోయేవారు. ఆ సంగతి తెలిసినది ఆయన మరదలు ఒక్కదానికే. టిక్కెట్లు ఇచ్చేది ఆవిడే. భార్య పోయాక ఆయనకు మిగిలింది ఆ పని, ఆ పనితో వచ్చిన చిన్న గది. పని పోతే గదీ పోతుంది.

కొత్తగా వచ్చిన అధికారిణి గైడులకు పరీక్ష పెట్టారు. మిట్ట మీద నిలబడి, అడిగిన కట్టడాన్నల్లా కర్రతో చూపించాలి. నేల మీద నడిస్తే చర్మం దారి చెబుతుంది గానీ, అంత దూరం నుంచి ఏం చెబుతుంది?

"నేను పక్కనే ఉంటా బావా. ఒకసారి దగ్గితే ఎడమ, రెండుసార్లయితే కుడి, మూడయితే ఎదురుగా," అంది మరదలు.

"నీ దగ్గు మీద నా ఉద్యోగం నిలబడాలా?"

"ఇన్నేళ్లూ నా నోటికి భయపడ్డావుగా. ఈ ఒక్కపూట గొంతును నమ్ము."

నాలుగు ప్రశ్నలు సాఫీగా గడిచాయి. అయిదోదానికి తవ్వకాల దుమ్ము ఒక్కసారిగా లేచింది. మరదలికి నిజం దగ్గే వచ్చి, ఎంతకీ ఆగలేదు. మాస్టారు లెక్క తప్పి, గంభీరంగా కర్ర చాచి, "అదుగో, మహారాజుగారి కొలువుకూటం!" అన్నారు.

కర్ర చూపిన చోట ఉన్నవి సందర్శకుల మరుగుదొడ్లు.

అధికారిణి నవ్వలేదు. ఆయన చెయ్యి పట్టుకుని మిట్ట దింపి, ధాన్యపు కొట్టు నీడలో కూర్చోబెట్టారు. సందర్శకులను కూలీల భోజనాల చోటికి తీసుకురాకూడదన్న మర్యాద పాటించిన మాస్టారు, ఇన్నేళ్లలో ఆ నీడలో కూర్చోవడం అదే మొదటిసారి.

"ఎన్నాళ్లయింది మాస్టారూ, చూపు పోయి?"

"రెండేళ్లమ్మా. ఒక్కరినీ గోతిలో పడెయ్యలేదు."

"పడేదాకా నేను ఆగకూడదు కదండీ. రాయక తప్పదు."

"నా దగ్గు సంగతి కూడా రాయండి మేడమ్," అంది మరదలు కళ్లొత్తుకుంటూ. "ఆయన తప్పు లేదు."

మాస్టారు లేవబోయి ఆగారు. అరచెయ్యి ముందుకు చాచి, "ఎవరైనా గొడుగు పట్టారా?" అన్నారు.

"లేదే," అంది మరదలు.

"మరి ఇక్కడ చలవ రెండింతలుందేం?"

అధికారిణి నేలకేసి పరీక్షగా చూశారు. "అంతా ఒకటే నీడండీ."

"రెండమ్మా. దీని లోపల ఇంకోటుంది. ఇదిగో, అంచు ఇక్కడ."

నలుపు మీద పడిన నలుపు కళ్లున్నవారికి కనిపించదు. మాస్టారు వంగి, వేళ్లతో ఆ అంచు పట్టుకుని నడిచారు. మరదలు సున్నప్పొడి డబ్బా తెచ్చి ఆయన వెనకాలే గీత పోసుకుంటూ వచ్చింది. గీత రెండుసార్లు మలుపు తిరిగి, వాలు కప్పున్న ఒక పొట్టి గదిగా ముగిసింది. ఏ నక్షాలోనూ అలాంటి గది లేదు. అధికారిణి చేతి గడియారం చూసి, సూర్యుడి ఎత్తును బట్టి నీడ మొదలు ఎక్కడుండాలో లెక్కగట్టి, ఆ చోట కర్ర పాతించారు.

మూడు వారాలు తవ్వాక పునాది బయటపడింది. లోపల ఏడు తిరగళ్లు వరసగా ఉన్నాయి. పట్టుకునే చోట రాయి అరిగి గుంటలు పడింది. మాస్టారు ఆ గుంటల్లో తన వేళ్లు పెట్టి చూసి, "చిన్న చేతులు. ఆడవాళ్లు," అన్నారు.

అధికారిణి రాయవలసింది రాశారు: గైడు పనికి ఈయన పనికిరారు. దానికి జతగా ఇంకో కాగితం పెట్టారు: కంటికి కనపడని నీడలను వెతకడానికి ఒక మనిషి అవసరం, ఆ మనిషికి గది కూడా ఇవ్వాలి. పైవారు రెండింటి మీదా సంతకం చేశారు.

అధికారిణి కొన్నేళ్లకు పెద్ద పదవికి బదిలీ అయి, ఇప్పుడు ఉద్యోగ విరమణ చేసి విశ్రాంతిలో ఉన్నారు. మరదలు ఇంకా టిక్కెట్లు ఇస్తూనే ఉంది, అడిగినవారికీ అడగనివారికీ ఈ కథ చెబుతూనే ఉంది. మాస్టారు ఆ కొత్త పనిలో పదకొండేళ్లు ఉండి, తన గదిలోనే, మరదలి చేతి మంచినీళ్లు తాగి కన్నుమూశారు. ఆయన వల్ల తొమ్మిది గదులు దొరికాయి. పదో నీడ అంచు తగిలినప్పుడు మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుని, "ఇది వద్దమ్మా. లోపలెవరో నిద్రపోతున్నారు," అన్నారట. అప్పటికింకా అక్కడే ఉన్న అధికారిణి ఆ చోట తవ్వించలేదు. నక్షాలో ఆ చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది. అటుగా వెళ్లేటప్పుడు కూలీలు గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు.