గోడవైపు తిప్పిన దీపం

రైలు జ్ఞాపకాలు రాసేవాళ్లందరినీ ఒకే పెట్టెలో కుక్కి, ఆ పెట్టెను దారిలో ఎక్కడైనా విప్పేసి రావాలని నాకు నెల రోజులుగా కోరికగా ఉంది.

నూరేళ్లు ఎప్పుడో నిండిపోయిన మా పాత స్టేషనుకి ఇప్పుడు నూరేళ్ల సభ చేస్తున్నారు. స్టేషను మూతబడి పదిహేనేళ్లయింది. దాని చుట్టుపక్కల పెరిగి పెద్దమనుషులైన వాళ్లంతా కలిసి ఒక జ్ఞాపకాల సంచిక వేస్తున్నారు. ఆ సంచిక మా ప్రెస్సుకి వచ్చింది. ఇరవై ఆరేళ్లుగా ఇక్కడ టైపు కొట్టేదీ ప్రూఫులు దిద్దేదీ నేనే కాబట్టి, నా నెత్తిన పడింది.

మొత్తం ముప్పై ఎనిమిది వ్యాసాలు. రాసినవాళ్లు వేరు గాని ప్రయాణం ఒక్కటే. కిటికీ పక్క సీటు కోసం కొట్లాట, కంట్లో బొగ్గు నలుసు, అమ్మ కన్ను విప్పి ఊదడం, వెనక్కి పరిగెత్తే చెట్లు. ప్రతివాడి చెట్లూ వెనక్కే పరిగెత్తాయి. ఒక్కడి చెట్టయినా ఉన్నచోట నిలబడి ఉంటే ఆ మహానుభావుడికి దండం పెట్టి ఉందును. బండి కూత వింటే గుండె ఝల్లుమనేదని ఇరవై ఇద్దరు రాశారు. ఆ బండి ఎవరు దీపం పెడితే ఊళ్లోకి వచ్చిందో ఒక్కరూ రాయలేదు.

కుళ్లు అనుకుంటే అనుకోండి. మా ఇంట్లో స్టేషనంటే ప్రయాణం కాదు, పని. మా నాన్న దీపాలాయన. అప్పట్లో సిగ్నళ్లకి కరెంటు లేదు. స్టేషనుకి తూర్పున రెండు స్తంభాలు, పడమట రెండు. చీకటి పడేలోపు నాలుగింటి మీదా కిరసనాయిలు దీపాలు పెట్టాలి. మధ్యాహ్నం మూడింటికి నాన్న దీపాల గదిలో కూర్చుని గాజులు తుడిచి, వత్తులు కత్తిరించి, నూనె నింపి, మూతలు బిగించేవాడు. నిండా పోస్తే తెల్లారేదాకా వెలగాలి. రెండు చేతుల్లో రెండే పడతాయి కాబట్టి ముందు తూర్పు దీపాలు తీసుకెళ్లి, నిచ్చెనెక్కి పెట్టి, తిరిగొచ్చి పడమటివి పట్టుకెళ్లేవాడు.

దానికి ఆయన పద్ధతి ఒకటుంది. నూనె నింపిన దీపాన్ని బల్ల మీద, గాజు ముఖం అటు ఉండేలా, గోడవైపు తిప్పి పెట్టేవాడు. ఇటు తిరిగి ఉంటే ఖాళీ, గోడవైపు తిరిగి ఉంటే నిండుగా ఉన్నట్టు. ఒకసారి గోడవైపు తిప్పాడంటే మళ్లీ మూత తీసి చూసేవాడు కాదు. పదకొండేళ్లు అలాగే చేశాడు.

నాకు పన్నెండేళ్లప్పుడు, ఒక వాన సాయంత్రం, పడమటి చివరి స్తంభం మీద దీపం గంటకే ఆరిపోయింది. ఆ వానలో వస్తున్న గూడ్సు డ్రైవరుకి స్తంభమే కనపడలేదు. ఆగాల్సినచోట ఆగక, స్టేషనులో నిలబడి ఉన్న పెట్టెల్ని గుద్దేశాడు. ఇంజన్లో బొగ్గు వేసేవాడికి పాదం పోయింది. దీపం దించి చూస్తే లోపల చుక్క నూనె లేదు.

మొదటి రోజు నాన్న "నేను పోశాను" అన్నాడు. రెండోరోజూ అదే అన్నాడు. స్టేషను మాస్టరు గారు దేవుడిలాంటి మనిషని అందరూ అనేవారు. ఆయన మూడు రోజులూ నాన్న పక్కనే కూర్చుని నచ్చజెప్పాడు. "మరిచిపోయి ఉంటావురా. మనిషన్నాక మరుపు రాదా? ఒప్పుకుంటే శిక్ష తగ్గిస్తారు. నేను చెప్తాను, రాయి." మూడోరోజుకి నాన్న "ఏమో" అన్నాడు. మాస్టరు గారు చెప్పినట్టే రాసి సంతకం పెట్టాడు. నెల తిరక్కుండా ఉద్యోగం పోయింది. ఇల్లు ఖాళీ చేసి, ఊరికి ఆ చివర ఒక గోడౌను వెనక గదిలోకి మారాం. నాన్న అక్కడ బస్తాలు మోశాడు.

ఆ తర్వాత మా ఇంట్లో మరుపు అన్నదానికి క్షమాపణ లేదు. కుళాయి కట్టేయడం మర్చిపోతే దెబ్బ. బడిలో పెన్సిలు మర్చిపోతే బెల్టు. "నా బుద్ధే వచ్చింది దీనికి, నా బుద్ధే వచ్చింది" అంటూ కొట్టేవాడు. కొట్టాక తనే ఏడ్చేవాడు. ఏడ్చాడు కదా అని దెబ్బ తగ్గుతుందా? నేనూ నమ్మాను. మరుపు మా రక్తంలో ఉందనుకున్నాను. పిల్లని ఎక్కడైనా మర్చిపోతానేమోనన్న భయంతో పెళ్లి వద్దన్నదాన్ని నేను.

ఇప్పుడు నాన్నకి ఎనభై ఆరు. ప్రెస్సు వెనక రెండు గదుల్లో నేనూ ఆయనా ఉంటాం. ఇప్పటికీ నేను బయల్దేరేటప్పుడు స్టవ్ ఆపానో లేదో తనే వెళ్లి చూసొస్తాడు. వచ్చి మళ్లీ వెళ్తాడు.

మొన్న సోమవారం ముప్పై రెండో వ్యాసం టైపు చేస్తున్నాను. అది స్టేషను మాస్టరు గారి రెండో అబ్బాయిది. మేమంతా చిన్నబాబు అనేవాళ్లం. ప్రిన్సిపాలుగా రిటైరయ్యాడు, సంచికకి సంపాదకుడు కూడా ఆయనే. మూడో పేజీలో ఇలా ఉంది:

"ఒకనాటి సాయంత్రం మేము డబ్బాతో చేసుకున్న ఆట ఇంజనుకు పొగ కావలసి వచ్చింది. దీపాల మామయ్య తూర్పు వైపు వెళ్లిన సమయం చూసి నేనూ అన్నయ్యా దీపాల గదిలోకి దూరాము. ఒక దీపంలోని కిరసనాయిలు వంపుకుని, దానిని ఎప్పటిలాగే గోడవైపు తిప్పి పెట్టాము. గుడ్డపీలికలు తడిపి ముట్టించగానే మా ఇంజను గుప్పుగుప్పున పొగ వదిలింది! సంగతి తెలిసి నాన్నగారు నా చెవి మెలిపెట్టి, 'ఈ మాట ఎవరితోనూ అనకు' అన్నారు. ఆ వెంటనే దగ్గరకు తీసుకున్నారు. మర్నాడు ఉదయమే నన్నూ అన్నయ్యనూ అమ్మమ్మగారి ఊరికి బండి ఎక్కించారు. పెద్దలెవరూ తోడు లేకుండా నేను చేసిన తొలి రైలు ప్రయాణం అదే. కిటికీ పక్క సీటు నాదే!"

ఆ ఆశ్చర్యార్థకం కూడా నా చేత్తోనే కొట్టాను. కొట్టాక చేతులు ఆగిపోయాయి. ఆ మర్నాడు నాకు బాగా గుర్తు. పడమటి పట్టాల మీద పెట్టెలు ఇంకా పడి ఉండగానే, ఉతికిన చొక్కా తొడిగి, చేతికి బిస్కెట్ల పొట్లం ఇచ్చి, ఇతన్నీ వాళ్లన్నయ్యనీ తూర్పు బండి ఎక్కించారు. నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి చూశాను. అటు నాన్నని గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతున్నారు.

బుధవారం చిన్నబాబు ప్రూఫులు చూడడానికి వచ్చాడు. పైకండువా సర్దుకుని, నా ఎదుట కుర్చీలో కూర్చుని, నవ్వుతూ అడిగాడు.

"ఏమ్మా అక్కా, చదివావా నాది? ఎలా ఉంది?"

"చదివాను బాబుగారూ. మూడో పేజీ మీరే ఒకసారి పైకి చదవండి."

చదివాడు. పొగ దగ్గర తనే ముచ్చటపడి నవ్వాడు కూడా.

"అది ఏ సాయంత్రమో మీకు గుర్తుందా?" అన్నాను. "వాన సాయంత్రం. పడమటి బండి గుద్దుకున్న సాయంత్రం. మా నాన్న ఉద్యోగం పోయిన సాయంత్రం."

ఆయన మొహంలో నవ్వు దిగడానికి కాస్త సేపు పట్టింది. కాగితం వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఒట్టు అక్కా, నాకు తట్టలేదు. నెల తర్వాత వచ్చేసరికి మీరు లేరు. మామయ్యే ఉద్యోగం మానేశాడనుకున్నాను."

నిజమే చెప్తున్నాడు. అబద్ధమాడి ఉంటే నాకింత మండేది కాదు. మా బతుకు బుగ్గి చేసిన సంగతి యాభై ఏళ్లు జేబులో పెట్టుకు తిరిగి, ముచ్చటైన జ్ఞాపకమనుకుని తీసి నా చేతికే ఇచ్చాడు, అక్షరదోషాలు దిద్దమని.

"ఆ పేరా తీసెయ్," అన్నాడు గొంతు తగ్గించి. "నాన్నగారి పేరు ఎందుకు పాడు కావాలి? పోయినవారు."

"మా నాన్న ఇంకా పోలేదు బాబుగారూ."

"చిన్నపిల్లలం అక్కా. తొమ్మిదేళ్లు నాకు."

"నాకు పన్నెండు. ఆ ఏడు నేను తిన్న దెబ్బలు మీరు లెక్కపెట్టలేరు." కాగితం ఆయన ముందు నుంచి లాక్కున్నాను. "పేరా తీసేస్తాను. కానీ ముందు వెనక గదిలోకొచ్చి, జరిగింది జరిగినట్టు మా నాన్నకి చెప్పండి. ఆయన మర్చిపోలేదని ఆయనకి తెలియాలి. తెలియకుండా పోకూడదు. అది తప్ప మీ నుంచి నాకేం అక్కర్లేదు."

"మీ ప్రెస్సు ఓనరుతో మాట్లాడతాను," అన్నాడు.

"మాట్లాడండి. ఈ కాగితం ఓనరుకీ చదివి వినిపిస్తాను."

లేచాడు. నేను ప్రూఫు తీసుకుని ముందు నడిచాను.

నాన్న కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. చిన్నబాబుని చూసి లేవబోయాడు. మాస్టరు గారి అబ్బాయి కదా, ఎనభై ఆరేళ్ల ఒంట్లో కూడా ఆ లేవడం మిగిలే ఉంది. నాకు ఒళ్లు మండింది. భుజం పట్టి కూర్చోబెట్టాను.

చిన్నబాబు మంచం అంచున కూర్చుని మొదలుపెట్టాడు. "ఆ రోజులే వేరు మామయ్యా. ఆ బండ్లూ, ఆ కూతలూ..."

"అవును బాబూ," అన్నాడు నాన్న, మొహం విప్పారి. "పొద్దుటి బండి వస్తుంటే మన గోడలు అదిరేవి. మీ నాన్నగారు జెండా పట్టుకుని నిలబడితే..."

"అసలు సంగతి చెప్పండి," అన్నాను నేను.

చెప్పాడు. నేల వైపు చూస్తూ, డబ్బా దగ్గర మొదలెట్టి పొగ దాకా చెప్పాడు. నాన్న మధ్యలో కదల్లేదు. అయిపోయాక అడిగాడు.

"ఏ దీపం?"

"బల్ల మీద చివరిది మామయ్యా."

"పడమటి చివరిది. ఎంత వంపారు?"

"దాదాపు అంతా. అడుగున కాస్త ఉంచాం."

"మళ్లీ గోడవైపు ఎందుకు తిప్పారు?"

"మీరు అలా పెట్టేవారు కదా. తిప్పకపోతే మీకు తెలిసిపోతుందని."

నాన్న తల ఆడించాడు, పనివాడు పనివాడి మాట విన్నట్టు. "మూత తీసి చూడాల్సింది నేను," అన్నాడు. ఆపైన వెంటనే, "పోన్లే బాబూ, పసివాడివి. నీకేం తెలుసు," అన్నాడు.

అంతే! నాకు యాభై ఏళ్లలో ఒక్కసారీ దొరకని క్షమాపణ వాడికి అర నిమిషంలో దొరికింది. పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను. ఆయన మర్చిపోలేదని ఆయనకి తెలిసింది కదా, నాకదే చాలని సర్దుకోబోయాను.

అప్పుడు నాన్న అడిగాడు. "మీ నాన్నగారికి తెలియదు కదా ఈ సంగతి?"

చిన్నబాబు నా వైపు చూశాడు. నేను ఆయన వైపే చూస్తున్నాను.

"తెలియదు మామయ్యా," అన్నాడు.

"నేనూ అదే అనుకున్నాను. తెలిస్తే ఊరుకునే మనిషి కాదు."

జరిగింది జరిగినట్టు చెప్పమన్నాను. సగం చెప్పి మిగతా సగం మింగాడు. నాన్న మొహంలో ఆ మాస్టరు గారి మీద భక్తి అలాగే ఉంది. ఆయన పోయినప్పుడు శవం వెనక చివరిదాకా నడిచి, ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం మానేశాడు నాన్న. ఆ భక్తి అలాగే ఉండనిచ్చి ఉంటే నా సొమ్మేం పోయేది కాదు, నాన్న సుఖంగానే పోయేవాడు. కానీ నా వల్ల కాలేదు. ప్రూఫు విప్పి, "ఇది ఈ బాబుగారు సొంత చేత్తో రాసింది నాన్నా," అని పైకి చదివాను. చెవి మెలిపెట్టడం దగ్గర చిన్నబాబు "అక్కా, వద్దు" అన్నాడు. ఆపలేదు. ఎవరితోనూ అనకు అన్నదీ, దగ్గరకు తీసుకున్నదీ, కిటికీ పక్క సీటూ, అన్నీ చదివాను.



"మూడు రోజులు," అన్నాడు నాన్న. "మూడు రోజులు నా పక్కనే కూర్చున్నాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు." ఆయన గొంతు నేనెప్పుడూ వినని గొంతు. "పోశానని నాకు తెలుసు. నా చేతులకి తెలుసు. నన్ను నేనే నమ్మకుండా చేశాడు."

"మామయ్యా, నాన్నగారు మా కోసమే..."

"లే," అన్నాడు నాన్న. "నా మంచం మీంచి లే."

చిన్నబాబు లేచి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పోవాలో ఉండాలో తెలియక అక్కడే ఉండిపోయాడు. నాన్న నా వైపు తిరిగాడు. కొడతాడేమోనని, అరవై రెండేళ్లొచ్చినా, ఒక్క క్షణం నా ఒళ్లు వెనక్కి జరిగింది. ఆయన అది చూశాడు. చూసి, చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇది అచ్చవుతోందా?"

"తీసెయ్యమన్నారు నాన్నా. మీకు చెప్తే తీసేస్తానని నేనూ ఒప్పుకున్నాను."

"తీయకు. అలాగే ఉంచి, కింద నాది కూడా వెయ్యి. కలం తియ్. నేను చెప్పినట్టే రాయి, ఒక్క ముక్క నీ సొంతం కలపకు."

ప్రూఫు వెనక తిప్పి మోకాలి మీద పెట్టుకున్నాను.

"ఆ రోజు నాలుగు దీపాలకీ నూనె పోశాను," అన్నాడు నాన్న. "నేను మర్చిపోలేదు. నా కూతుర్ని ఉత్తి పుణ్యానికి కొట్టాను."

మూడో మాట దగ్గర కలం ఆగింది. "అది అక్కర్లేదు నాన్నా," అన్నాను.

"రాయమన్నాను," అని కసిరాడు. "రాసి చదువు."

రాశాను. చిన్నబాబు వింటుండగా, మొదటి నుంచి చివరిదాకా పైకి చదివాను.