శుక్రవారం తులసి

సంయుక్తకు ఒకసారి అనుమానం పట్టుకుందంటే ఇక అది కూర్చోనివ్వదు, నిల్చోనివ్వదు.

మాదాపూర్‌లో కిరాయి మేడ మీదున్న ల్యాబ్‌లో తులసి తైలం పరీక్షించడం ఆమె పని. గురువారం వచ్చిన ఆకుతో తీసిన తైలంలో, దాని ఘాటుకూ గుణానికీ మూలమైన యూజినాల్ దండిగా ఉంటుంది. గాజుపళ్లెంలో సూక్ష్మజీవులు దాని దరిదాపులకు రావు. మంగళవారం, శుక్రవారం ఆకుతో తీసింది మాత్రం ఉత్త నీరసం. మడి ఒకటే, తెచ్చేదీ రాయదుర్గం నీలమ్మ ఒక్కతే. పైగా ఆ రెండు రోజులూ గోనె తడిసి ఉంటుంది. బరువు కోసం నీళ్లు చల్లి, ఏదో పిచ్చాకు కలుపుతోందని సంయుక్త తేల్చేసింది. ‘సరుకులో కల్తీ ఉంది, మనిషిని మార్చండి’ అని బుధవారం మేనేజరు భీమేశ్వరరావుకు కాగితం రాసిచ్చింది. ఆ మడి తప్ప నీలమ్మకు వేరే ఆధారం లేదని తెలిసే రాసింది.

అయినా కళ్లారా చూడాలి కదా. శుక్రవారం తెల్లవారగానే తులసికోట దగ్గర దీపం పెట్టింది. దగ్గుకు కషాయమంటూ రెండాకులు తుంచబోయిన కూతురు రోహిణిని, “శుక్రవారం పూట ఏమిటే ఆ పని?” అని కసిరి ఆటో ఎక్కింది.

గుండ్రటి కొత్త టవరు దాటి వెళ్లేసరికి నీలమ్మ మడి గట్టున కూర్చుని ఉంది. పక్కన నిండు గోనె. మొక్కల మీద తాజాగా చెయ్యి పడిన జాడ లేదు.

“ఈ ఆకు ఎప్పటిది?”

“నిన్న పొద్దుగూకకముందు తెంపిననమ్మా. వాడిపోవద్దని తడిగోనెల పెట్టిన.”

“ఇవాళ కోసి తెమ్మంటే నిన్నటిది అంటగడుతున్నావా?”

నీలమ్మ వింతగా చూసింది. “ఏందమ్మా గట్లంటరు? మంగళారం, శుక్రారం తులసమ్మ మీద చెయ్యేస్తమా? మీ ఇంట్ల తెంపుతరా?”

సంయుక్తకు తల కొట్టేసినట్టయింది. ఆకు తెచ్చే ఆ రోజులు నిర్ణయించింది తనే. రాత్రంతా తడిలో మగ్గిన ఆకులో తైలం ఏం నిలుస్తుంది? ఆ మాత్రం తట్టని చదువు ఎందుకని తన మీద తనకే రోత పుట్టింది.

నీలమ్మనూ గోనెనూ అదే ఆటోలో ఎక్కించుకుని వచ్చి, తాను ముందు మెట్లెక్కింది. భీమేశ్వరరావు బల్ల మీద పచ్చటి తులసి సంచీ ఉంది.

“కొత్త మనిషండి. ఏ వారమైనా పట్టింపు లేదట. ఇప్పుడే కోసి తెచ్చాడు.”

“వద్దండి. కల్తీ ఏమీ లేదు, తప్పు నాది. ఆ కాగితం ఇచ్చేయండి.”

“మొన్ననే హెడ్డాఫీసుకు ఫ్యాక్స్ చేశానండి. మార్చేయమన్నారు.”

గోనె నెత్తిన పెట్టుకుని నీలమ్మ గుమ్మంలోకి వచ్చి, ఎప్పటిలాగే అడిగింది.

“ఏడ దించాలెనమ్మా?”